ప్రాక్సీలో బ్యాండ్‌విడ్త్ లిమిట్‌కు ఆటోమేటెడ్ టెస్టులు రాయడం ఎలా

ప్రాక్సీలో (క్లయింట్‌కూ అసలు సర్వర్‌కూ మధ్య నిలబడి డేటాను అటూ ఇటూ దాటించే సర్వర్‌లో) సెకనుకు 256 కిబిబైట్ల (ఒక కిబిబైట్ 1024 బైట్లు) లిమిట్ పెట్టి, పెద్ద ఫైలొకటి డౌన్‌లోడ్ చేసి, సగటు స్పీడు 256కు దగ్గరగా ఉందని చూసి టెస్ట్ పాస్ అనేస్తే చాలా బగ్‌లు తప్పించుకుంటాయి. మొదటి క్షణంలో ఒక మెబిబైట్ (1024 కిబిబైట్లు) వదిలేసి తర్వాత కొన్ని సెకన్లు బిగబట్టినా సగటు బాగానే కనిపిస్తుంది. కనెక్షన్ ఖాళీగా ఉన్నంతసేపు కోటా పేరుకుపోతున్నా, టనెల్ ట్రాఫిక్ (ప్రాక్సీ లోపల ఏముందో చూడకుండా అలాగే దాటించే డేటా) లిమిటర్ (స్పీడును అదుపు చేసే కోడ్) పక్కనుంచి జారిపోతున్నా ఆ ఒక్క సంఖ్యలో ఏమీ తెలియదు.

ఇక్కడ చెప్పే పద్ధతికి ఆధారం ఒక్కటే. లిమిట్ దాటకూడదన్నది ఒక టెస్ట్, లిమిట్ దాకా చేరాలన్నది ఇంకో టెస్ట్. మొదటిదాన్ని సడలింపు లేకుండా రాయవచ్చు. రెండోదానికి మెషీన్ మీద లోడు అడ్డొస్తుంది కాబట్టి ఉదారంగా ఉండాలి. రెండింటినీ కలిపి "అటూ ఇటూ 10 శాతం" అని ఒకే చెక్‌లో పెడితే ఆ టెస్ట్ ఒకరోజు పాస్, ఒకరోజు ఫెయిల్ అవుతూ చివరికి దాన్ని ఎవరో ఒకరు ఆపేసే పరిస్థితి వస్తుంది.

1. ముందు లిమిట్ అర్థాన్ని రాసుకోండి

కోడ్ ముట్టుకోకముందే ఈ ప్రశ్నలకు జవాబులు కావాలి. లిమిట్ బిట్లలోనా, బైట్లలోనా? కిలో అంటే 1000నా, 1024నా? లిమిట్ ఒక రిక్వెస్ట్‌కా, ఒక కనెక్షన్‌కా, ఒక యూజర్‌కా, మొత్తం ప్రాక్సీకా? డౌన్‌లోడ్‌కేనా, అప్‌లోడ్‌కు కూడానా? ఒక్కసారిగా వదలగలిగే బర్స్ట్ ఎంత? లెక్కలోకి వచ్చేది బాడీ ఒక్కటేనా, హెడర్లు కూడానా? కంప్రెషన్‌కు ముందా, తర్వాతా? లిమిట్ సున్నా అని రాస్తే లిమిట్ లేనట్టా, పూర్తిగా ఆపేసినట్టా?

ఇవి సర్వర్‌కూ సర్వర్‌కూ మారతాయి. ప్రాక్సీలుగా వాడే ఎన్‌జిన్‌ఎక్స్, ఎన్వాయ్, స్క్విడ్‌లనే చూడండి. ఎన్‌జిన్‌ఎక్స్‌లో లిమిట్_రేట్ అనే సెట్టింగ్ బైట్లలో ఉంటుంది, ఒక్కో రిక్వెస్ట్‌కు వర్తిస్తుంది. కాబట్టి క్లయింట్ రెండు కనెక్షన్లు తెరిస్తే మొత్తం స్పీడు రెండింతలవుతుంది, అది బగ్ కాదు. అదే ఎన్‌జిన్‌ఎక్స్ గడిచిన సమయాన్ని పూర్తి సెకన్లలో లెక్కించి దానికి ఒకటి కలిపి కోటా వేస్తుంది. అందువల్ల మొదట్లోనే ఒక సెకను డేటా వరకు వెళ్లిపోవచ్చు. ఎన్వాయ్ బ్యాండ్‌విడ్త్ ఫిల్టర్‌లో లిమిట్ సెకనుకు కిబిబైట్లలో రాయాలి. స్క్విడ్‌లో స్పీడు తగ్గించే డిలే పూల్స్, ఆరిజిన్ (అసలు డేటా ఉన్న సర్వర్) నుంచి తెచ్చే డేటాను నియంత్రిస్తాయి. క్యాష్‌లో ఉన్నదాన్ని ఇచ్చేటప్పుడు అడ్డుపడవు. మీ ప్రాక్సీ సొంతంగా రాసుకున్నదైతే ఈ జవాబులు డాక్యుమెంటేషన్‌లో కూడా ఉండాలి. లేకపోతే టెస్ట్ దేన్ని నిజమని నిరూపిస్తోందో ఎవరికీ తెలియదు.

2. లిమిటర్‌ను నకిలీ గడియారంతో విడిగా టెస్ట్ చేయండి

నెట్‌వర్క్ జోలికి వెళ్లకముందే తేల్చేయగలిగిన బగ్‌లు చాలా ఉన్నాయి. లిమిటర్ సమయాన్ని సిస్టమ్ నుంచి నేరుగా అడగకుండా, బయటి నుంచి ఇచ్చిన గడియారాన్ని అడిగేలా రాయండి. టెస్టులో ఆ గడియారాన్ని మీరే ముందుకు జరుపుతారు. నిజంగా ఆగి ఎదురుచూడాల్సిన అవసరం లేదు కాబట్టి వందల కేసులు కూడా సెకనులోపే అయిపోతాయి, జవాబులు బైటు తేడా లేకుండా సరిపోవాలి.

టోకెన్ బకెట్ పద్ధతిలో (బకెట్‌లోకి రేటు ప్రకారం టోకెన్లు చేరుతుంటాయి, ఒక్కో బైట్ పంపడానికి ఒక్కో టోకెన్ ఖర్చవుతుంది, బకెట్ సైజే బర్స్ట్) తప్పకుండా చూడాల్సినవి ఇవి.

చిన్న రేటు, చిన్న టిక్. రేటు సెకనుకు 1500 బైట్లు, లిమిటర్‌ను ప్రతి మిల్లీసెకనుకూ పిలుస్తున్నారనుకోండి. ఒక్కో టిక్‌కు రావాల్సింది 1.5 టోకెన్లు. పూర్ణాంకంగా కత్తిరిస్తే 1 మాత్రమే మిగులుతుంది, అంటే మూడో వంతు స్పీడు పోయినట్టే. రేటు 900 అయితే ప్రతిసారీ సున్నా వస్తుంది, కనెక్షన్ ఎప్పటికీ కదలదు. గడియారాన్ని ఒక్కో మిల్లీసెకను చొప్పున వెయ్యిసార్లు జరిపి, ఒకేసారి సెకను జరిపినప్పుడు వచ్చిన ఫలితంతో పోల్చండి. రెండూ ఒకటే కావాలి.

పెద్ద రేటు, పెద్ద విరామం. గడిచిన నానోసెకన్లను రేటుతో గుణించి తర్వాత వంద కోట్లతో భాగించడం చాలామంది రాసే కోడే. సెకనుకు 10 గిగాబిట్లు అంటే 125 కోట్ల బైట్లు. ఆ రేటు దగ్గర ప్లస్, మైనస్ గుర్తుతో ఉండే 64 బిట్ల పూర్ణాంకం దాదాపు 7.4 సెకన్ల విరామానికే నిండిపోతుంది. అంటే ఎనిమిది సెకన్లు ఖాళీగా ఉన్న కనెక్షన్‌కు టోకెన్లు మైనస్‌లోకి వెళ్తాయి. బకెట్ నిండడానికి పట్టే సమయానికి మించి గడిచిన సమయాన్ని గుణకారానికి ముందే కత్తిరించాలి.

బర్స్ట్‌కు మించిన రైట్ (ఒక్కసారిగా రాసి పంపే డేటా). బకెట్ 65536 బైట్లది, ఒకే రైట్ లక్ష బైట్లది. అన్ని టోకెన్లు ఎప్పటికీ పోగవవు. ముక్కలు చేయకపోతే ఆ రైట్ వేలాడుతుంది, లేదా ఎర్రర్ వస్తుంది. గో భాషలో రేట్ ప్యాకేజీలోని వెయిట్‌ఎన్ ఫంక్షన్ ఇలాంటప్పుడు ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ను పట్టించుకోని కోడ్ లిమిట్ లేకుండానే డేటా పంపేస్తుంది.

వీటికి కాన్ఫిగ్ పార్సింగ్ టెస్ట్ ఒకటి కలపండి. "256కె" అని ఇస్తే లోపల సరిగ్గా 262144 ఉండాలి. 1000కీ 1024కీ తేడా 2.4 శాతమే కాబట్టి నెట్‌వర్క్ టెస్టులో అది కనబడదు, ఇక్కడే పట్టుకోవాలి.

3. టెస్ట్ ఏర్పాటు

ఆరిజిన్ సర్వర్, ప్రాక్సీ, క్లయింట్ మూడూ ఒకే మెషీన్‌లో లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తానే మాట్లాడుకునే నెట్‌వర్క్) మీద నడిస్తే చాలు. పోర్టు నంబర్లను కోడ్‌లో గట్టిగా రాయకుండా పోర్ట్ 0 అడిగి, సిస్టమ్ ఇచ్చినదాన్ని వాడండి. లేకపోతే సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను దానంతటదే నడిపే వ్యవస్థలో) రెండు జాబ్‌లు ఢీకొంటాయి.

ఆరిజిన్ పంపే బాడీ స్థిరమైన సీడ్‌తో (ప్రతిసారీ అవే బైట్లు వచ్చేలా) తయారుచేసిన ర్యాండమ్ బైట్లు కావాలి. సున్నాలతోనో, ఒకే అక్షరంతోనో నింపితే మధ్యలో ఎక్కడైనా కంప్రెషన్ ఉన్నప్పుడు ఒక మెబిబైట్ ఒకటి రెండు కిబిబైట్లకు కుదించుకుపోతుంది, లిమిట్ పనిచేయనట్టు కనిపిస్తుంది. క్లయింట్ కంప్రెషన్ అడగకూడదు, రెస్పాన్స్ క్యాష్ కాకుండా హెడర్ పెట్టాలి. అందిన బైట్ల హాష్‌ను కూడా పోల్చండి. లిమిటర్‌లో పాక్షిక రైట్‌ను తప్పుగా లెక్కిస్తే డేటా పోవడమో, రెండుసార్లు రావడమో జరుగుతుంది. స్పీడు మాత్రమే చూసే టెస్ట్ దాన్ని గమనించదు.

ప్రతి టెస్ట్‌కూ కొత్త ప్రాక్సీ మొదలుపెట్టండి. ముందు టెస్ట్ ఖాళీ చేసిన బకెట్‌తో తర్వాతి టెస్ట్ మొదలైతే లెక్కలు తప్పుతాయి. వార్మప్ రిక్వెస్ట్ పంపినా ఇదే సమస్య.

అసలు టెస్టులకు ముందు లిమిట్ తీసేసి ఒకసారి కొలవండి. లిమిట్ లేకుండా వచ్చే స్పీడు, పరీక్షించబోయే లిమిట్‌కు కనీసం పది రెట్లు ఉండాలి. లేకపోతే మీరు కొలిచేది లిమిటర్‌ను కాదు, మెషీన్‌ను. పది రెట్లు రాకపోతే టెస్ట్ ఫెయిల్ అనకుండా, వాతావరణం సరిపోలేదని వేరే సందేశంతో ఆపండి.

4. లెక్క తేలిగ్గా తేలే సంఖ్యలు ఎంచుకోండి

రేటు సెకనుకు 262144 బైట్లు, బర్స్ట్ 65536, బాడీ 1048576 తీసుకుందాం.

కనీస సమయం = (బాడీ − బర్స్ట్) ÷ రేటు = 983040 ÷ 262144 = 3.75 సెకన్లు

నాలుగు సెకన్లలోపు అయిపోతుంది, ఏ తప్పు జరిగినా ఫలితం ఎంతో దూరంగా పడుతుంది. బిట్లను బైట్లనుకుంటే రేటు ఎనిమిదింతలై 0.47 సెకన్లకే పూర్తవుతుంది. బైట్లను బిట్లనుకుంటే 30 సెకన్లు పడుతుంది. టెస్ట్ టైమౌట్ 10 సెకన్లు పెడితే చాలు, అయితే టైమౌట్ అయినప్పుడు అప్పటిదాకా ఎన్ని బైట్లు వచ్చాయో సందేశంలో చెప్పించండి.

బర్స్ట్ బాడీలో పదో వంతు కూడా దాటకూడదు. బాడీ బర్స్ట్‌కు దగ్గరగా ఉంటే అసలు లిమిటింగే జరగదు.

చాలా ప్రాక్సీలు ఒక ముక్కను ముందు పంపేసి తర్వాత దానికి తగినంతసేపు ఆగుతాయి. అలాంటి డిజైన్‌లో బర్స్ట్‌కు అదనంగా ఒక ముక్క ఎక్కువ వెళ్తుంది. గో భాష ఐఓ.కాపీలో ఆ ముక్క సాధారణంగా 32 కిబిబైట్లు. ఇది ఒప్పుకోదగినదని మీరు నిర్ణయిస్తే బర్స్ట్ విలువలో దాన్ని కలిపి రాయండి. టెస్టులో చెప్పకుండా సడలింపుగా దాచవద్దు.

5. పైహద్దు: సడలింపు లేని చెక్

క్లయింట్ ప్రతి రీడ్ తర్వాత రెండు విలువలు నమోదు చేయాలి: అప్పటి సమయం, అప్పటిదాకా వచ్చిన మొత్తం బైట్లు. రీడ్ బఫర్ 16 కిబిబైట్లు చాలు. సమయం ఎప్పుడూ మోనోటోనిక్ క్లాక్ (ఎప్పుడూ వెనక్కి వెళ్లని గడియారం) నుంచే తీసుకోండి. తేదీ, టైమ్ చూపే మామూలు సిస్టమ్ గడియారాన్ని మధ్యలో ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా టైమ్ సర్దే పద్ధతి) సరిచేస్తే లెక్క పాడవుతుంది.

గడియారం మొదలవ్వాల్సింది రిక్వెస్ట్ పంపడానికి ముందు, మొదటి బైట్ అందినప్పుడు కాదు. పద్ధతికి ప్రాణం ఇదే. ప్రాక్సీ మొదటి బైట్ పంపేది మీ గడియారం మొదలైన తర్వాతే. మీకు అందిన బైట్లు ప్రాక్సీ పంపినవాటికంటే ఎప్పుడూ ఎక్కువ కావు. సమయం నమోదయ్యేది రీడ్ అయ్యాకే. ఈ మూడూ కలిస్తే, మెషీన్ ఎంత బిజీగా ఉన్నా సరైన లిమిటర్ ఈ నియమాన్ని మీరలేదు:

వచ్చిన బైట్లు ≤ బర్స్ట్ + రేటు × గడిచిన సమయం

ఆలస్యం ఎక్కడ జరిగినా కుడివైపు విలువే పెరుగుతుంది. కాబట్టి ఈ చెక్ ఫెయిలైతే అది కచ్చితంగా బగ్. ప్రాక్సీ లోపల సమయాన్ని మిల్లీసెకన్లకు సర్దుకుంటుంటే ఒక మిల్లీసెకను విలువైన 262 బైట్లు కలపండి, అంతకుమించి వద్దు. నమోదు చేసిన ప్రతి బిందువు దగ్గరా ఈ చెక్ చేయండి, చివర ఒక్కసారి కాదు.

అయితే ఈ చెక్‌కు కనబడని తప్పు ఒకటి ఉంది. మధ్యలో రెండు సెకన్లు ఏమీ పంపకుండా ఆగి, తర్వాత ఆ రెండు సెకన్ల కోటాను ఒక్కసారిగా వదిలితే మొదటి నుంచి లెక్కేసినప్పుడు నియమం చెదరదు. అందుకే ఏ రెండు బిందువుల మధ్యనైనా నియమం నిలుస్తోందా అని చూడాలి. అన్ని జతలనూ పోల్చనక్కర్లేదు. ప్రతి రీడ్ దగ్గరా "మొత్తం బైట్లు − రేటు × సమయం" అనే తేడాను లెక్కించండి. ఆ రీడ్‌కు ముందున్న బైట్ల మొత్తంతో వేసిన తేడాల్లో ఇప్పటిదాకా అతి తక్కువది ఏదో గుర్తుపెట్టుకోండి. ఆ రీడ్ తర్వాతి తేడా ఆ కనిష్ఠం కంటే బర్స్ట్‌కు మించి ఎక్కువైతే ఎక్కడో ఒక విరామంలో లిమిట్ దాటినట్టే. ఒక్క పాస్‌లో పని అయిపోతుంది.

ఈ రెండో చెక్‌కు మాత్రం సడలింపు తప్పదు. క్లయింట్‌కే కాసేపు సీపీయూ దొరకకపోతే డేటా కెర్నెల్ బఫర్లలో (ఆపరేటింగ్ సిస్టమ్ డేటాను తాత్కాలికంగా ఉంచే చోట) పేరుకుని, తర్వాత ఒకేసారి రీడ్ అవుతుంది. అది ప్రాక్సీ తప్పు కాదు. క్లయింట్ రిసీవ్ బఫర్, ప్రాక్సీ సెండ్ బఫర్ కలిపితే ఎంతో అంత సడలింపు ఇవ్వాలి. లినక్స్‌లో రిసీవ్ బఫర్‌ను అలాగే వదిలేస్తే కెర్నెల్ దాన్ని తనంతట తాను పెంచుకుంటూ మెబిబైట్ల కొద్దీ పోనిస్తుంది. అప్పుడు చెక్‌కు అర్థం ఉండదు. కనెక్ట్ అవ్వకముందే సాకెట్ ఆప్షన్‌తో దాన్ని 32 కిబిబైట్లకు బిగించండి. లినక్స్ మీరిచ్చిన విలువను రెండింతలు చేసుకుంటుంది కాబట్టి, సెట్ చేశాక తిరిగి చదివి, వచ్చిన సంఖ్యనే లెక్కలో వాడండి.

6. కిందిహద్దు: ఉదారమైన చెక్

3.75 సెకన్లలో పూర్తికావాల్సింది 5 సెకన్లలోపు పూర్తయితే పాస్ అనండి. ఇంత ఎక్కువ ఎందుకంటే, ఈ చెక్ పట్టుకోవాల్సినవి పెద్ద తప్పులు: టైమర్ ఒకసారి మేల్కోవడం మర్చిపోవడం, ఒకే డేటాను రెండుచోట్ల లెక్కించి సగం స్పీడే ఇవ్వడం, ప్రతి ముక్కకూ అనవసరంగా నిద్రపోవడం. సగం స్పీడు అంటే 7.5 సెకన్లు, 5 దగ్గర అది తప్పకుండా దొరుకుతుంది. రెండు మూడు శాతం తేడాలను నకిలీ గడియారం టెస్టులకు వదిలేయండి.

7. అప్‌లోడ్‌ను ఆరిజిన్ దగ్గర కొలవండి

క్లయింట్ సెండ్ పిలిచి తిరిగొచ్చిందంటే డేటా వెళ్లిపోయినట్టు కాదు, కెర్నెల్ బఫర్‌లో చేరినట్టు. ఒక మెబిబైట్ బాడీ మొత్తం అలా క్షణంలో మింగేయబడవచ్చు. అప్‌లోడ్ టెస్టులో సమయం, బైట్లు నమోదు చేయాల్సింది ఆరిజిన్. మొదలు సమయం మాత్రం క్లయింట్ పంపకముందుదే. మూడూ ఒకే మెషీన్‌లో ఉన్నందున గడియారం ఒకటే.

డౌన్‌లోడ్, అప్‌లోడ్‌లకు వేర్వేరు రేట్లు ఇచ్చి కూడా ఒక టెస్ట్ రాయండి. రెండూ ఒకటే అయితే దిశలు తారుమారైన బగ్ బయటపడదు.

8. బగ్‌లు ఎక్కువగా దాగే కేసులు

ఖాళీ విరామం. అదే కనెక్షన్ మీద ఒక రిక్వెస్ట్ పూర్తిచేసి, 4 సెకన్లు ఊరికే ఉంచి, రెండోది పంపండి. బకెట్‌కు పైకప్పు లేకపోతే ఆ నాలుగు సెకన్లలో 1048576 టోకెన్లు చేరతాయి, రెండో బాడీ మొత్తం ఒక్క ఊపున వచ్చేస్తుంది. సరైన ప్రాక్సీలో అదీ 3.75 సెకన్లే తీసుకోవాలి. కీప్‌అలైవ్ టైమౌట్ (ఖాళీ కనెక్షన్‌ను తెరిచి ఉంచే సమయం) 4 సెకన్లకంటే ఎక్కువ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కొత్త కనెక్షన్ తెరుచుకుని టెస్ట్ ఊరికే పాసవుతుంది.

సమాంతర కనెక్షన్లు. నాలుగు కనెక్షన్లు తెరిచి, 4 సెకన్లలో అన్నిటికీ కలిపి ఎన్ని బైట్లు వచ్చాయో లెక్కించండి. లిమిట్ మొత్తానికి అయితే అది 65536 + 1048576 = 1114112 దాటకూడదు. ఏ కనెక్షన్‌కూ తనకు రావాల్సిన నాలుగో వంతులో సగం కంటే తక్కువ రాకూడదు. ఒకే కనెక్షన్ మొత్తం లాగేసుకోవడం తరచూ కనిపించే సమస్య. లిమిట్ ఒక్కో కనెక్షన్‌కు అయితే తిరగేసి చూడండి: మొత్తం, ఒక కనెక్షన్‌కు వచ్చేదానికి మూడు రెట్లయినా ఉండాలి. పొరపాటున అందరికీ ఒకే బకెట్ ఇచ్చేస్తే అది పట్టిస్తుంది.

టనెల్‌లు. కనెక్ట్ మెథడ్, వెబ్‌సాకెట్ దారుల్లో రెండు సాకెట్లను కెర్నెల్ ద్వారానే కలిపేసే వేగవంతమైన మార్గం ఉండవచ్చు, ఉంటే లిమిటర్‌ను అది పూర్తిగా దాటేస్తుంది. గో భాషలో ఇది గుర్తించడం మరీ కష్టం. టీసీపీ కనెక్షన్‌ను స్ట్రక్ట్‌లో ఎంబెడ్ చేసి రైట్‌ను మాత్రమే మార్చి రాస్తే, రీడ్‌ఫ్రమ్ మెథడ్ లోపలి కనెక్షన్ నుంచి అలాగే పైకొస్తుంది. ఐఓ.కాపీ దాన్నే ఎంచుకుంటుంది, మీ రైట్‌ను ఎవరూ పిలవరు. కోడ్ చదివితే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. మామూలు రిక్వెస్ట్, టనెల్, టీఎల్‌ఎస్, హెచ్‌టీటీపీ/2 ప్రతిదానికీ ఇదే టెస్ట్‌ను విడిగా నడపడం ఒక్కటే దారి.

బ్యాక్‌ప్రెషర్ (అందుకునేవైపు నెమ్మదైతే పంపేవైపునూ ఆపడం). క్లయింట్‌కు నెమ్మదిగా ఇస్తున్న ప్రాక్సీ ఆరిజిన్ నుంచి మాత్రం పూర్తి వేగంతో లాగుతూ మెమరీ నింపుకోవచ్చు. 64 మెబిబైట్ల బాడీ పెట్టి, 2 సెకన్ల తర్వాత ఆరిజిన్ ఎన్ని బైట్లు పంపగలిగిందో చూడండి. బఫర్ల గరిష్ఠాలు లినక్స్ వెర్షన్‌ను బట్టి మారతాయి, మీ మెషీన్‌వి చూసుకోండి. ఒక్కో హాప్‌కు (ఆరిజిన్ నుంచి ప్రాక్సీకి ఒకటి, ప్రాక్సీ నుంచి క్లయింట్‌కు ఒకటి) సెండ్ బఫర్ 4, రిసీవ్ బఫర్ 6 అయితే రెండు హాప్‌లకు 20 మెబిబైట్లు. కాబట్టి 24 దాటితే ఫెయిల్ అనండి. ఎన్‌జిన్‌ఎక్స్ లాంటివి కావాలనే రెస్పాన్స్‌ను తాత్కాలిక ఫైలులోకి దించుకుంటాయి. అలాంటివాటికి ఈ టెస్ట్ బఫరింగ్ ఆపేసి నడపాలి.

మధ్యలో వదిలేసిన క్లయింట్. పదిశాతం చదివి కనెక్షన్ మూసేయండి. ఒక సెకనులోపు ఆరిజిన్ వైపు కనెక్షన్ కూడా మూసుకోవాలి. టోకెన్ల కోసం నిద్రపోతున్న పని రద్దు సంకేతం వినకపోతే అలాంటివి పోగుపడి ప్రాక్సీని కూల్చేస్తాయి.

9. టెస్టులు నిజంగా ఫెయిల్ అవుతాయా అని చూడండి

ప్రాక్సీని కావాలనే పాడుచేసి ప్రతి టెస్ట్‌నూ నడపండి. లిమిటర్ ఆపేస్తే, రేటు రెండింతలు చేస్తే, ఎనిమిదితో గుణిస్తే పైహద్దు పట్టుకోవాలి. సగానికి తగ్గిస్తే కిందిహద్దు పట్టుకోవాలి. బకెట్ పైకప్పు తీసేస్తే ఖాళీ విరామం టెస్ట్, దిశలు మారిస్తే అప్‌లోడ్ టెస్ట్ ఎర్రబడాలి. ఏదైనా పచ్చగానే ఉంటే ఆ టెస్ట్‌ను ఇంకా రాయలేదనే లెక్క. వీటిని బిల్డ్ ఫ్లాగుల వెనక పెట్టి వారానికోసారి సీఐలో నడిపితే మంచిది.

10. సీఐలో

ఈ టెస్టులను సీపీయూ తినేసే జాబ్‌లతో కలిపి ఒకే రన్నర్ మీద పెట్టవద్దు. కిందిహద్దు ఫెయిలైతే ఒకసారి మళ్లీ ప్రయత్నించవచ్చు. పైహద్దు ఫెయిలైతే రీట్రై అస్సలు వద్దు. అది మెషీన్ లోడు వల్ల వచ్చే అవకాశమే లేదు కాబట్టి, రెండోసారి పాసైనా బగ్ ఉన్నట్టే.

ఫెయిలైన ప్రతిసారీ నమోదైన సమయం, బైట్ల జాబితాను ఫైలుగా భద్రపరచండి. దాన్ని గ్రాఫ్‌గా గీస్తే కారణం చాలాసార్లు ఆకారంలోనే తెలుస్తుంది. మొదట్లో నిలువు గీత బర్స్ట్‌కు మించి పొడవుంటే బకెట్ సైజు తప్పు. సమానమైన మెట్లుంటే అవి టోకెన్లు నింపే విరామాలు, మెట్టు ఎత్తును విరామంతో భాగిస్తే అసలు రేటు వస్తుంది. చదునుగా సాగి ఒక్కసారి ఎగిరితే క్లయింట్ ఆగిందా, ప్రాక్సీ ఆగిందా అని ఆరిజిన్ వైపు జాబితాతో పోల్చి చూడండి. మధ్యలో చదునై చివరిదాకా అలాగే ఉండిపోతే టైమర్ మేల్కొలుపు పోయింది, లేదా రైట్ బర్స్ట్‌కంటే పెద్దదై టోకెన్ల కోసం ఎదురుచూస్తోంది.